సోమాజిగూడకూ కొండాపూర్‌కూ మధ్య నాగారం

మ్యాపులో చూస్తే ఈ మాట పొసగదు. నాగారం నగరానికి ఈశాన్యాన, ఈసీఐఎల్ చౌరస్తా దాటి కీసర వెళ్లే దారిలో ఉంది. సోమాజిగూడ నడిబొడ్డున, కొండాపూర్ పడమటి కొసన. తపాలా లెక్కలో మాత్రం సోమాజిగూడ 500082, నాగారం 500083, కొండాపూర్ 500084. వరసగా మూడు సంఖ్యలు.

1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ అమల్లోకి వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ పట్టించుకున్నది ఒక్కటే: ఒకే పేరున్న ఊళ్ల మధ్య, రకరకాల లిపుల్లో రాసిన చిరునామాల మధ్య ఉత్తరం దారి తప్పకూడదు. మన నాగారం సంగతే తీసుకోండి. సూర్యాపేట జిల్లాలో ఆ పేరుతో ఏకంగా ఒక మండలమే ఉంది. ఆరు అంకెల్లో మొదటిదైన 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలున్న జోన్‌ని చెబుతుంది. 500 వరకు చదివితే హైదరాబాద్ అని తేలుతుంది. చివరి 083 బట్వాడా చేసే పోస్టాఫీసుది. పోస్ట్‌మ్యాన్‌కు అంతవరకు చాలు. ఆ సంఖ్యను రెండింతలు చేయాలనీ, దేనితోనో భాగించాలనీ ఆయనకు ఎందుకనిపిస్తుంది?

గణితం చదివినవాళ్లకు మాత్రం చెయ్యి ఊరుకోదు. 500083 ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగింపబడదు.

దీన్ని కాగితం మీదే తేల్చుకోవచ్చు. ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా విడగొట్టగలిగితే, అందులో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని దాటదు. 500083 వర్గమూలం 707 చిల్లర. అంటే 2, 3, 5, 7 దగ్గర మొదలుపెట్టి 701 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే సరిపోతుంది. అవి 126. రెండూ ఐదూ చూడగానే పోతాయి. మూడు సంగతి అంకెల మొత్తం చెబుతుంది: 5, 8, 3 కలిపితే 16, మూడుతో పోదు. ఏడుతో భాగిస్తే శేషం 3, పదకొండుతో 1, పదమూడుతో 12. ఇలా సాగుతూ పోతే మధ్యలో ఆశ పుట్టే చోట్లుంటాయి. 163ను 3068తో గుణిస్తే 500084. ఒక్కటి ఎక్కువైంది! 227 దగ్గర శేషం 2, అదీ తప్పిపోయింది. చివరి 701 దగ్గర శేషం 270. దాంతో పని పూర్తి.

500001 నుంచి 500100 దాకా ఉన్న వంద సంఖ్యలను ఇలాగే జల్లెడ పడితే ఆరే ఆరు ప్రధాన సంఖ్యలు మిగులుతాయి: 500009, 500029, 500041, 500057, 500069, 500083. వీటిని చిరునామాలుగా చదివితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్, హిమాయత్ నగర్, రాజ్‌భవన్, విజయనగర్ కాలనీ, క్షిపణి పరిశోధన జరిగే రీసెర్చ్ సెంటర్ ఇమారత్, ఆఖరున నాగారం. ఉస్మానియా యూనివర్సిటీకి 500007 దక్కింది. అంకెల మొత్తం 12 కాబట్టి మూడుతో పోతుంది. గణిత శాఖ ఉన్న చోటికి ప్రధాన సంఖ్య రాకపోవడం నాకు కాస్త అన్యాయంగానే తోస్తుంది.

వందకు ఆరు తక్కువా, ఎక్కువా? ఐదు లక్షల ప్రాంతంలో సగటున 13 సంఖ్యలకు ఒకటి ప్రధానం కావాలని ప్రధాన సంఖ్యల సిద్ధాంతం చెబుతుంది. ఆ లెక్కన ఏడెనిమిది రావాలి. ఆరు వచ్చాయంటే కొంచెం కొరతే గాని వింతేమీ కాదు. ఐదు లక్షల లోపు ప్రధాన సంఖ్యలు 41538 ఉన్నాయి. ఆ తర్వాత ఆరోది నాగారం కనుక దాని వరుస సంఖ్య 41544. దానికి ముందున్న ప్రధాన సంఖ్య 14 అడుగుల వెనక, తర్వాతిది 24 అడుగుల ముందు 500107 దగ్గర. రెండు అడుగుల తేడాతో జంటగా ఉండేవాటిని కవల ప్రధాన సంఖ్యలంటారు. నాగారానికి కవల లేదు.

ఇంతవరకు ఆరూ ఒకే జాతి. ఇప్పుడు ఒక్కొక్కదాన్ని నాలుగుతో భాగించి శేషం చూడండి. మనోవికాస్ నగర్‌కు 1, హిమాయత్ నగర్‌కు 1, రాజ్‌భవన్‌కు 1, విజయనగర్ కాలనీకి 1, ఇమారత్‌కు 1. నాగారానికి 3.

అంత చిన్న తేడాకు ఏమవుతుందంటారా? చాలా అవుతుంది. నాలుగుతో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. హిమాయత్ నగర్‌నే చూడండి: 702 వర్గం 492804, 85 వర్గం 7225, రెండూ కలిపితే కచ్చితంగా 500029. నాగారాన్ని ఇలా రాయడం ఎవరి తరమూ కాదు. కారణం రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. సరి సంఖ్య వర్గాన్ని నాలుగుతో భాగిస్తే శేషం 0, బేసి సంఖ్య వర్గానికి 1. రెండు వర్గాలు కలిపితే 0, 1, 2లలో ఏదో ఒకటి మిగలాలి గాని 3 ఎన్నటికీ మిగలదు.

'రాయలేము' అనే సగం ఇంత సులువు. 'రాయగలం' అనే సగమే కష్టం. ఫ్రాన్స్‌లో న్యాయాధికారిగా ఉంటూ తీరిక వేళల్లో గణితం చేసిన ఫెర్మా 1640 డిసెంబర్ 25న తోటి గణితజ్ఞుడు మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పాడు. నిరూపణ పూర్తిగా రాసిపెట్టలేదు, అది ఆయనకు అలవాటే. ఆ తర్వాత నూరేళ్లకు ఆయిలర్ కూర్చుని నిరూపించాడు. నాగారానికి ఊరట కూడా ఆ ఇద్దరి దగ్గరే దొరుకుతుంది. మూడుతో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు వేరే అచ్చులో ఇముడుతాయి: ఒక వర్గానికి ఇంకో వర్గం మూడింతలు కలపాలి. వెతికితే 56, 407 దొరుకుతాయి. 56 వర్గం 3136. 407 వర్గం 165649, దానికి మూడింతలు 496947. రెండూ కలిపితే 500083. ఐదు లక్షల చిల్లర సంఖ్యకు ఇలాంటి అమరిక ఉండి తీరుతుందని వెతక్కముందే తెలియడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఇరుగుపొరుగు సంగతి. సంఖ్యను దాని భాజకాలతో కొలవడం గ్రీకుల కాలం నుంచీ ఉంది. తనను మినహాయించి మిగతా భాజకాలన్నిటినీ కలిపితే మొత్తం తనకంటే ఎక్కువైతే సమృద్ధ సంఖ్య, తక్కువైతే న్యూన సంఖ్య, సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య. ఆరు పరిపూర్ణం: 1, 2, 3 కలిపితే 6. ఆ తర్వాతిది 28.

మన వీధిలో ఈ కొలత ఎలా పలుకుతుందో చూద్దాం. మాధాపూర్ 500081కు 227, 2203 రెండే ప్రధాన కారణాంకాలు, కాబట్టి మొత్తం 2431. సోమాజిగూడ 500082 అంటే 2, 3, 11, 7577ల లబ్ధం, దాని మొత్తం 591150, సమృద్ధం. నాగారం మొత్తం 1. కొండాపూర్ 500084ను 4, 13, 59, 163లుగా విడగొట్టవచ్చు, మొత్తం 464236, కొద్దిలో న్యూనం. ఒక్కొక్క అడుగు వేస్తుంటే 2431 నుంచి 591150కి ఎగిరి, 1కి పడి, మళ్లీ 464236కు లేచింది. మాధాపూర్‌కు ముందున్న 500080 ఇంకా విచిత్రం. 16, 5, 7, 19, 47లను గుణిస్తే వస్తుంది. భాజకాలు 80, తనను వదిలేస్తే మొత్తం 928400. దానికి మూడే అడుగుల దూరంలో ఒకటీ తానూ తప్ప ఏ భాజకమూ లేని నాగారం.

సంఖ్యాశాస్త్రంలో కష్టమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సంఖ్యలు కూడికతో వరసలో నిలబడతాయి, గుణం మాత్రం గుణకారంతో వస్తుంది. ఒకటి కలిపితే వరసలో ముందుకు జరుగుతాం, కారణాంకాల విషయంలో మాత్రం పాతదేదీ మిగలదు. పక్కింటి సంఖ్యను చూసి ఈ ఇంటి సంఖ్య స్వభావం చెప్పగలిగితే, ఈ శాస్త్రంలో తేలని ప్రశ్నలు సగం ఈపాటికి తేలిపోయి ఉండేవి.

500080లాగా చిన్న చిన్న ప్రధాన కారణాంకాలే ఉన్న సంఖ్యలను నున్నటి సంఖ్యలంటారు. దాని కారణాంకాల్లో పెద్దది 47, అంతే. ఒక హద్దు లోపల ఇలాంటివి ఎన్ని ఉంటాయో లెక్కగట్టే పని 1930లో స్వీడన్‌లో డిక్‌మన్ మొదలుపెట్టాడు. దాన్ని గట్టి పునాది మీద నిలబెట్టినవాళ్లలో వాల్తేరు ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో పనిచేసిన వి. రామస్వామి ఒకరు. ఆయన వ్యాసం 1949లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. అప్పటికి అది అచ్చంగా గణితం కోసం గణితం. ముప్పై ఏళ్లు దాటాక పెద్ద సంఖ్యలను కంప్యూటర్‌తో విడగొట్టే పద్ధతులు వచ్చినప్పుడు, వాటి వేగం నున్నటి సంఖ్యలు ఎంత తరచుగా ఎదురవుతాయన్న దాని మీదే ఆధారపడింది.

విడగొట్టడం ఎంత కష్టమో ఉప్పల్‌ను అడగండి. ఉప్పల్ 500039. ఇది ప్రధాన సంఖ్య కాదు, కానీ ఆ సంగతి అంత తేలిగ్గా బయటపడదు. 2, 3, 5, 7 అంటూ బయల్దేరితే 122వ ప్రధాన సంఖ్య దగ్గర గాని తాళం తెరుచుకోదు: 673ను 743తో గుణిస్తే 500039. గుణించడానికి ఒక నిమిషం, విడదీయడానికి ఒక పూట. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఈ తేడా మీదే నిలబడింది. బ్యాంకుల వెబ్‌సైట్లలో వాడే ఇలాంటి సంఖ్యలకు 617 అంకెలు ఉండవచ్చు. ఉప్పల్‌లాగే రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాలు అవి. ఒక తమాషా ఏమిటంటే, ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం మాత్రం అంత కష్టం కాదు. 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, తన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలతో కలిసి అందుకు కచ్చితమైన, వేగమైన దారి చూపాడు. 'ఇది విడిపోతుంది' అని చెప్పగలం, 'ఎలా విడిపోతుంది' అని చెప్పలేం. ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే మన డబ్బు భద్రంగా ఉంది.

మరి 500083లో మూడు సున్నాలు వరసగా ఉండటం, తిరగేస్తే 380005 రావడం, ఇవీ గుణాలేనా? ఇవి సంఖ్యవి కావు, పది ఆధారంగా మనం రాసే తీరువి. రెండు ఆధారంగా కంప్యూటర్ దాన్ని 1111010000101110011 అని రాసుకుంటుంది, అక్కడ సున్నాల వరసే వేరు. ప్రధానత్వం మాత్రం ఏ లిపిలో రాసినా చెరగదు. అలాగని అంకెల ఆటలను తీసిపారేయను. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం'లో 12345654321 లాంటి హారపు సంఖ్యల మీద మురిసిపోయాడు. అది 111111కు వర్గం. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్క మీద ఇష్టం చాలామందికి ఇలాంటి చోటే పుడుతుంది.

తెలుగువాళ్లలో సంఖ్యలకు కొత్త తరగతి ఏర్పరచి, ప్రపంచంచేత ఆ పేరుతోనే పిలిపించిన వ్యక్తి మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1921లో బాపట్ల ప్రాంతంలోని యాజలిలో పుట్టారు. మద్రాసులో చదివి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1963లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తంగా రాసే విభజనల సంఖ్య సరి, బేసిల గురించి ఆయన చేసిన ఊహ పూర్తిగా రుజువు కావడానికి 2012 దాకా పట్టింది. ఇక్కడ మనకు కావలసింది మాత్రం 1966లో ఎల్.జె. వారెన్‌తో కలిసి ఆయన రాసిన చిన్న వ్యాసం.

వాళ్లు పరిపూర్ణ సంఖ్య నిర్వచనంలో ఒక్క షరతు మార్చారు. అన్ని భాజకాలూ అక్కర్లేదు. భాజకానికీ, దానితో భాగిస్తే వచ్చే భాగఫలానికీ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. వీటిని యూనిటరీ భాజకాలంటారు. 60కి 4 యూనిటరీ భాజకం, ఎందుకంటే 4కూ 15కూ ఉమ్మడిగా ఏమీ లేదు. 2 కాదు, 2కూ 30కీ మధ్య 2 ఉంది. ఇలా ఏరితే 1, 3, 4, 5, 12, 15, 20 మిగులుతాయి. కలపండి: 60. అంటే 60 యూనిటరీ పరిపూర్ణ సంఖ్య. వ్యాసంలో నాలుగు చూపారు: 6, 60, 90, 87360. బేసి సంఖ్య ఇందులో ఒక్కటీ ఉండదని కూడా తేల్చారు. మామూలు పరిపూర్ణ సంఖ్యల్లో బేసిది ఉందో లేదో రెండు వేల ఏళ్లుగా తేలలేదు, ఇక్కడ అది కొన్ని పంక్తుల్లో తేలిపోయింది.

ఐదోదాన్ని చార్లెస్ వాల్ కనిపెట్టి 1975లో ప్రచురించాడు. 1,46,36,19,46,18,64,58,56,25,60,000. ఇరవై నాలుగు అంకెలు. కంప్యూటర్‌తో ఒక్కొక్క సంఖ్యనూ చూసుకుంటూ పోతే ఇంత దూరం చేరడం సాధ్యం కాదు. మరెలా దొరికింది?

కిటుకు బాకీ లెక్కలో ఉంది. సంఖ్యలో ఒక ప్రధాన సంఖ్య ఘాతం ఉంటే, దానికి ఒకటి కలిపిన సంఖ్యలోని బేసి ప్రధాన కారణాంకాలన్నీ కూడా ఆ సంఖ్యలో ఉండి తీరాలి. ఒకరిని రానిస్తే వాళ్ల బాకీలూ వెంట వస్తాయి. వాల్ సంఖ్యలో 2 పద్దెనిమిది సార్లుంది. రెండు పద్దెనిమిదో ఘాతానికి ఒకటి కలిపితే 262145, అంటే 5, 13, 37, 109ల లబ్ధం. ఆ నాలుగూ వచ్చి చేరాయి. ఐదు నాలుగో ఘాతంలో ఉంది: 625కు ఒకటి కలిపితే 626, అందులో 313. ఇప్పుడు 313 రావాలి. 314లో 157 ఉంది, అదీ రావాలి. 158లో 79. 80లో మాత్రం రెండు, ఐదు తప్ప ఏమీ లేవు, అక్కడ గొలుసు ఆగింది. 37 వెంట 38లోంచి 19, 109 వెంట 110లోంచి 11, 13 వెంట 14లోంచి 7, 11 వెంట 12లోంచి 3. ఇవన్నీ వచ్చాక, అంతటా చెల్లాచెదురుగా తేలిన రెండులను పోగుచేస్తే పందొమ్మిది. తననూ కలుపుకుంటే మొత్తం సంఖ్యకు రెండింతలు కావాలి కనుక, పద్దెనిమిదికి ఇంకొకటి చేర్చి కావలసినవి సరిగ్గా పందొమ్మిదే. ఐదులు నాలుగు కావాలి, నాలుగే ఉన్నాయి. ఒక్క పైసా తేడా లేదు. ఈ లెక్కను పెన్సిల్‌తో ఒకసారి సరిచూసుకోమని ఎవరికైనా చెబుతాను.

నాగారాన్ని ఇలాంటి సంఖ్యలో పెట్టగలమా? 500083 ఒక్కసారి వస్తే, బాకీ 500084, అంటే కొండాపూర్. కొండాపూర్‌లోని 13, 59, 163 దిగాలి. 163 ఒక్కసారే వస్తే 164లోంచి 41 వస్తుంది, 41 వెంట 42లోంచి 3, 7. అటు వైపు సరే, 500083ను లోపలికి పిలిచేదెవరు? ఎనిమిదితో భాగిస్తే అది 3 మిగులుస్తుంది కాబట్టి, రెండు 250041వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య దానితో నిశ్శేషంగా భాగింపబడుతుందని ఆయిలర్ నియమం హామీ ఇస్తుంది. ఆ సంఖ్యకు 75270 అంకెలు. దాని మిగతా కారణాంకాల బాకీలు ఎవరు తీరుస్తారో ఊహించుకోవలసిందే.

ఇలాంటి సంఖ్యలు లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయని, ఎక్కడో ఆగిపోతాయని సుబ్బారావు నమ్మారు. 1988లో వాల్ ఇంకో మెట్టు ఎక్కాడు: ఆరోది ఉంటే అందులో వేర్వేరు బేసి ప్రధాన సంఖ్యలు కనీసం తొమ్మిది ఉండాలి. సుబ్బారావు 2006లో ఎడ్మంటన్‌లో కన్నుమూశారు. జాబితాలో ఇప్పటికీ ఐదే ఉన్నాయి.